వృద్ధాప్యం, ఆరోగ్యం మీద పీజీ: దరఖాస్తు నుంచి ఉద్యోగం దాకా నా అనుభవం

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లను మళ్లీ నడిపించడం నా పని. ఫిజియోథెరపిస్టుగా ఎముకల వార్డులో కొన్నేళ్లు అదే చేశాను. వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించి, వ్యాయామాలు నేర్పి, కాగితం చేతిలో పెట్టి ఇంటికి పంపేవాళ్లం. కొన్ని నెలలకు వాళ్లలో కొందరు మళ్లీ పడి, ఈసారి రెండో వైపు విరిగి అదే వార్డుకు వచ్చేవారు. ఎముక బాగానే అతికింది కదా, మరి ఎందుకు పడ్డారు అంటే "వయసు కదమ్మా" అనేవారు అందరూ. ఆ జవాబు నాకు మింగుడుపడలేదు. అలా వృద్ధాప్యం, ఆరోగ్యం అనే సబ్జెక్టులో పీజీకి దరఖాస్తు పెట్టాను. రెండేళ్ల కోర్సు ముగిసింది, ఈ మధ్యే కొత్త ఉద్యోగంలో చేరాను. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు లోపల ఏం నేర్పుతారని, ఎక్కడ ఆలస్యమవుతుందని, తర్వాత ఏ పేరుతో ఉద్యోగం దొరుకుతుందని అడుగుతున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దరఖాస్తు జనవరిలో పెట్టాను. మార్కుల జాబితాలు, రెండు సిఫారసు లేఖలు, ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే రెండు పేజీల వ్యాసం అడిగారు. అన్నిటికంటే ఆలస్యమైంది సిఫారసు లేఖలే. రాసిస్తానన్న సీనియర్ డాక్టరుగారికి వార్డు పనిలో తీరిక దొరకడానికి దాదాపు నెల పట్టింది. గడువు దగ్గరపడేకొద్దీ నాకు ఒకటే టెన్షన్. మీరు పెట్టేటట్టయితే ముందు లేఖలు అడగండి. వ్యాసం రాత్రికి రాత్రి కూర్చుని రాసుకోవచ్చు, లేఖ అలా రాదు.

ఫిబ్రవరి చివర్లో ఇంటర్వ్యూ. దరఖాస్తు చేసేవాళ్లలో చాలామంది తాతయ్య గురించో నాయనమ్మ గురించో రాస్తారని ఇంటర్వ్యూ చేసిన మేడమ్ చెప్పారు. నేను వార్డుకు తిరిగొచ్చిన పేషెంట్ల గురించి రాశాను కాబట్టి సూటిగా అదే అడిగారు: "వాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు మీరు ఏ వివరాలు రాసి పెట్టుకుని ఉంటే, తర్వాత ఎందుకు పడ్డారో తెలిసేది?" చూపు, రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తారు, వేసుకునే మాత్రలు, చెప్పులు, ఇంట్లో గడపలు అని చెప్పాను. ఆవిడ రాసుకుని, "జ్ఞాపకశక్తి?" అన్నారు. ఆ ఒక్క మాటతో ఈ కోర్సులో ఏముంటుందో అర్థమైంది. సీటు వచ్చిందన్న మెయిల్ ఏప్రిల్ మధ్యలో వచ్చింది. ఆ ఆరేడు వారాలు ఎదురుచూడటం కష్టంగా గడిచింది. వార్డులో సెలవు పెట్టాలో రాజీనామా ఇవ్వాలో తేల్చుకోలేని పరిస్థితి.

సెప్టెంబర్‌లో క్లాసులు మొదలయ్యాయి. నాలాంటి ఆసుపత్రి మనుషులే ఉంటారనుకుంటే, నర్సులు, ఒక ఫార్మసిస్టు, భవనాలు డిజైన్ చేసే ఆర్కిటెక్టు, బీమా లెక్కలు చూసే అతను, స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దావిడ ఉన్నారు. మొదట్లో ఇదేం కలగూరగంపరా అనిపించింది. నెల తిరక్కుండానే తెలిసింది, పడిపోవడం అనే ఒక్క విషయం మీదే ఫార్మసిస్టుకు తెలిసింది నాకు తెలియదని, ఆర్కిటెక్టు చూసేది మా ఇద్దరికీ కనపడదని. పెద్దావిడ అయితే లెక్చరర్లనే నిలదీసేవారు. "పెద్దవాళ్లు అని మీరు అంటున్నది అరవై ఏళ్లవాళ్లనా, తొంభై ఏళ్లవాళ్లనా? వాళ్ల మధ్య ఒక తరం ఉంది" అని ఆవిడ అన్నాక, మేం ఎవరం వ్యాసాల్లో ఆ మాటను ఏ వయసో చెప్పకుండా వదల్లేదు.

మొదటి వారాల్లో విన్న ఒక విషయం నన్ను బాగా కదిలించింది. 1935లో మార్జొరీ వారెన్ అనే డాక్టరుకు లండన్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో, ఏళ్ల తరబడి మంచానికే వదిలేసిన వందల మంది రోగుల బాధ్యత అప్పగించారు. వాళ్లలో చాలామందికి అసలు ఏం జబ్బో ఎవరూ సరిగా చూడలేదు. ఆవిడ ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి, లేపి, నడిపించి, ఎంతోమందిని ఇంటికి పంపగలిగారు. పెద్దవాళ్ల వైద్యానికి జీరియాట్రిక్స్ అనే పేరును ఇగ్నాజ్ నాషర్ 1909లోనే పెట్టినా, దాన్ని వార్డులో పనిగా చేసి చూపించింది ఆవిడే. ఫిజియోథెరపిస్టుగా ఇన్నేళ్లూ నాకు ఆ పేరు తెలియదు. ఆ రోజు ఇంటికి వెళ్లి చాలాసేపు నిద్రపట్టలేదు. మా వార్డులో "వయసు" అని పక్కన పెట్టిన ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

తర్వాత వచ్చింది కొలతల పాఠం. పనికి నన్ను సిద్ధం చేసింది నిజంగా ఇదే. జబ్బుల జాబితా రాయడం అందరికీ వచ్చు. మనిషి ఏం చేసుకోగలుగుతున్నారో రాయడం వేరే విద్య. స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం... ఈ ఆరింటినీ 1963లో కాట్జ్ బృందం ఒక కొలతగా కూర్చింది. 1969లో లాటన్, బ్రోడీ ఇంకో ఎనిమిది చేర్చారు: ఫోను, కొనుగోళ్లు, వంట, ఇంటి పని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు వ్యవహారం. రెండో జాబితాలోవి ముందు జారిపోతాయి, మొదటి జాబితాలోవి చాలావరకు తర్వాత. కాబట్టి "ఆయన స్నానం తనే చేస్తారు, బాగానే ఉన్నారు" అనే మాట చాలా ఆలస్యంగా మోగే గంట. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం దగ్గరే గమనించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నివేదికలో ఆరోగ్యకరమైన వృద్ధాప్యాన్ని జబ్బు లేకపోవడంగా చెప్పలేదు. తనకు విలువైన పనులు చేసుకుంటూ, తాను కోరుకున్నట్టు ఉండగలిగే సామర్థ్యంగా చెప్పింది. పరీక్ష కోసం అది బట్టీ పట్టినప్పుడు ఉత్త మాటలుగానే అనిపించింది. ప్లేస్‌మెంట్‌కు, అంటే క్లినిక్‌లో పని నేర్చుకునే శిక్షణకు వెళ్లాక దాని అర్థం తెలిసింది.

ముసలితనం ఎలా ఉంటుందో తెలియాలని మాకు ఒక సూటు తొడిగించిన రోజు గురించి కూడా చెప్పాలి. మసక అద్దాలు, చెవులకు మూతలు, కాళ్లకూ చేతులకూ బరువులు. అందరూ ఫొటోలు దిగారు. నా అభిప్రాయం మాత్రం వేరు. భవనాలు, బస్సులు డిజైన్ చేసేవాళ్లకు అది ఉపయోగమే. కానీ అరగంటలో విప్పేసే బరువు, ముప్పై ఏళ్లలో కొద్దికొద్దిగా అలవాటుపడిన శరీరం ఒకటి కావు. దాంతో జాలి కలుగుతుంది తప్ప ఎదుటి మనిషి ఎలా నెట్టుకొస్తున్నారో తెలియదు. మా క్లాసులోని పెద్దావిడను అడిగితే చాలు, అంతకంటే ఎక్కువ చెబుతారు.

రెండో సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్. నేను భయపడింది దీనికే. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద పని చేయించారు. మొదటి కొన్ని వారాలు స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలే. కానీ ఈ రంగంలో ఇది తప్పించుకునే సబ్జెక్టు కాదు. యాభై ఏళ్లవాళ్లనీ ఎనభై ఏళ్లవాళ్లనీ ఒకే రోజు పరీక్షించి, ఆ తేడా అంతా వయసు వల్లే అనడం ఎంత పొరపాటో ఇక్కడే తెలుస్తుంది. ఎనభై ఏళ్లవాళ్లు వేరే కాలంలో పుట్టారు, వేరే తిండి తిన్నారు, ఎక్కువమందికి చదువు అందలేదు. అందుకే అవే మనుషుల్ని ఏళ్ల తరబడి వెంబడించే సర్వేలు ఉన్నాయి. 1958లో మొదలైన బాల్టిమోర్ అధ్యయనం, 1992 నుంచి అమెరికాలో హెచ్‌ఆర్‌ఎస్, 2002 నుంచి ఇంగ్లండ్‌లో ఎల్సా, 2004 నుంచి ఐరోపా దేశాల్లో షేర్, తర్వాత భారతదేశంలో లాసీ. వీటిలో చాలావాటి డేటా విద్యార్థులకు రిజిస్ట్రేషన్ చేసుకుంటే ఉచితంగానే దొరుకుతుంది. అనుమతి మెయిల్ రావడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టొచ్చు. మా బ్యాచ్‌లో డేటా కోసం ముందే అడిగి పెట్టుకున్నవాళ్లే ప్రాజెక్టు నిమ్మళంగా ముగించారు. ఇంకో సంగతి, జబ్బు పడినవాళ్లే సర్వే మధ్యలో ఎక్కువగా తప్పుకుంటారు. కాబట్టి చివరిదాకా మిగిలినవాళ్లను మాత్రమే చూస్తే ముసలితనం ఉన్నదానికంటే హాయిగా కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క తర్వాత నాకు ఉద్యోగం ఇంటర్వ్యూలో అక్కరకొచ్చింది.

మొదటి ఏడాది ముగిశాక వేసవిలో ప్లేస్‌మెంట్. దానికి కావలసిన కాగితాల గురించి ముందే చెప్పేవాళ్లు ఉండరు. పోలీసుల నుంచి నేర చరిత్ర లేదన్న ధ్రువపత్రం, క్షయ పరీక్ష, హెపటైటిస్ బి టీకా రుజువు, మనుషుల్ని ఎత్తి దించే పద్ధతుల మీద శిక్షణ పత్రం, పెద్దవాళ్ల మీద వేధింపులు కనిపిస్తే ఎవరికి చెప్పాలో నేర్పే చిన్న కోర్సు. నేను ఆసుపత్రిలో పని చేశాను కాబట్టి టీకాలు ఎప్పుడో అయ్యాయి. బీమా కంపెనీ నుంచి వచ్చిన మిత్రుడికి అస్సలు వేయలేదు. హెపటైటిస్ బి మామూలు కోర్సు మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. పాపం అతని ప్లేస్‌మెంట్ వెనక్కి జరిగింది. కోర్సులో చేరిన మొదటి నెలలోనే ఇవన్నీ అడిగి తెలుసుకోండి. నా ధ్రువపత్రం రావడానికే రెండు నెలలకు పైగా పట్టింది. ఎక్కడ ఆగిందో చెప్పే దిక్కు లేదు.

నన్ను పడిపోయేవాళ్ల క్లినిక్‌లో వేశారు. వారంలో కొన్ని రోజులు అక్కడ, మిగిలినవి మతిమరుపు క్లినిక్‌లో. అక్కడి ఒక ఉదయం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పని ఏమిటో దాంట్లోనే ఉంది.

ఎనభై దాటిన ఒకావిడ వచ్చారు. మూడు మీటర్ల దూరంలో నేల మీద టేపు అంటించి ఉంటుంది. చేతులున్న కుర్చీలోంచి లేచి, ఆ టేపు దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. టైమ్డ్ అప్ అండ్ గో అంటారు, 1991లో వచ్చిన పరీక్ష. "అమ్మా, రోజూ ఎలా నడుస్తారో అలాగే వెళ్లి రండి. మీ చేతికర్ర పట్టుకునే నడవండి" అన్నాను. "గబగబానా, నిదానంగానా తల్లీ?" అన్నారు. మీకు ఎలా హాయిగా ఉంటే అలా అన్నాను. పద్నాలుగు సెకన్లు. పన్నెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పడే ప్రమాదం ఉందని చాలాచోట్ల లెక్క. నేను అంకె రాసుకున్నాను. మా సూపర్‌వైజర్ అంకె అడగలేదు. "ఏం చూశావు?" అన్నారు. చెప్పాను: లేచేటప్పుడు మొదటిసారి లేవలేక మళ్లీ కుర్చీలోకే కూలబడ్డారు, రెండోసారి ఊపు తీసుకుని లేచారు. టేపు దగ్గర తిరగడానికి చిన్న చిన్న అడుగులు చాలా వేశారు. తిరిగేటప్పుడు కర్ర పట్టుకోని చెయ్యి గోడ కోసం వెతికింది.

తర్వాత పడుకోబెట్టి బీపీ చూశాం, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూశాం. పై అంకె ఇరవై గానీ కింది అంకె పది గానీ తగ్గితే లెక్కలోకి తీసుకోవాలి. ఆవిడకు పైది ఇరవైకి మించి పడిపోయింది. "కళ్లు తిరిగాయా అమ్మా?" అంటే "ఇది రోజూ ఉండేదేగా" అన్నారు. ఇంటి నుంచి మందులన్నీ ఒక సంచిలో వేసుకు రమ్మని ముందే చెప్పాం. ఆ సంచి బల్ల మీద బోర్లించాం. బీపీ మాత్రలు రెండు వేర్వేరు పేర్లతో ఉన్నాయి, లోపల మందు ఒకటే. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా రాశారు. నీరు పోవడానికిచ్చే మాత్ర రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటున్నారు. ఎప్పుడో రాసిచ్చిన నిద్రమాత్ర ఇంకా నడుస్తోంది. పెద్దవాళ్లకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితా ఒకటి 1991 నుంచి ఉంది, బీర్స్ జాబితా అంటారు. ఆ తరహా నిద్రమాత్రలు అందులో ఉంటాయి. అంటే నిద్రమాత్ర వేసుకుని పడుకున్న మనిషిని నీటి మాత్ర అర్ధరాత్రి లేపుతోంది. లేవగానే బీపీ పడిపోతోంది. చీకట్లో గోడ కోసం చెయ్యి వెతుకుతోంది. ఇన్నేళ్లూ దీన్నే మేం వయసు అన్నాం. నాకు కోపం, బాధ రెండూ ఒకేసారి వచ్చాయి.

మందులు మార్చడం నా పని కాదు. డాక్టరు, ఫార్మసిస్టు కూర్చుని నీటి మాత్రను ఉదయానికి మార్చారు, రెండో బీపీ మాత్ర తీసేశారు, నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గించే ప్లాన్ రాశారు. నాకు అప్పగించింది ఆవిడకు ఏం కావాలో అడగడం. పడకుండా ఉండాలంటారేమో అనుకున్నాను. "మెట్లు దిగి, వీధి చివర ఉండే స్నేహితురాలి ఇంటికి ఎవరినీ తోడు అడక్కుండా వెళ్లాలి" అన్నారు. వ్యాయామాలన్నీ ఆ మెట్లను బట్టి పెట్టాను.

మతిమరుపు క్లినిక్ ఇంత తేలిగ్గా నడవలేదు. ఉదయం స్నేహంగా మాట్లాడిన ఒక పెద్దాయన మధ్యాహ్నానికి నన్ను గుర్తుపట్టలేదు, ఇంటికి పోవాలని తలుపు దగ్గరే నిలబడ్డారు. ఏం చెప్పాలో పుస్తకంలో చదివాను. ఎదురుగా మనిషి నిలబడి అడుగుతుంటే నోట మాట రాదు. అక్కడి నర్సు వాదించలేదు. "ఇంట్లో ఎవరుంటారు బాబాయ్? చెప్పండి" అంటూ పక్కన నడిచారు. కాసేపటికి ఆయన కూర్చున్నారు. ఇంకో విషయం కూడా అక్కడే స్థిరపడింది. గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో హఠాత్తుగా వచ్చిన అయోమయాన్ని మతిమరుపు ముదిరిందనుకోకూడదు. అది డెలిరియం కావచ్చు. వెనక ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్త మందు ఏదైనా ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్న ఎవరైనా ఈ తేడా తెలుసుకోవాలని నా గట్టి కోరిక.

రెండో ఏడాది ప్రాజెక్టు. ఒకసారి పడినవాళ్లు బయటికి వెళ్లడం ఎందుకు మానేస్తారు అన్నది నా అంశం. పడతామన్న భయాన్ని కొలిచే పదహారు ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, దాంతోపాటు ఇంటికెళ్లి మాట్లాడాలనుకున్నాను. అక్టోబర్‌లో, పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి కాగితాలు ఇచ్చాను. జనవరి దాకా అనుమతి రాలేదు. మధ్యలో ప్రశ్నలతో వెనక్కి పంపారు. మాట్లాడుతూ ఎదుటి మనిషి ఏడిస్తే ఏం చేస్తారు? ఇంట్లోవాళ్లు కొడుతున్నారని చెబితే ఎవరికి చెబుతారు? మొదటిసారి ఒప్పుకున్న మనిషి రెండోసారికి ఆ సంగతే మర్చిపోతే ఒప్పుకున్నట్టా, కాదా? పాల్గొన్న మనిషి మధ్యలో చనిపోతే రికార్డింగ్ ఏమవుతుంది? సమాచార పత్రంలో అక్షరాలు ఇంకా పెద్దవి చేయమన్నారు. ఆ నెలల్లో నాకు చాలా విసుగొచ్చింది. తోటివాళ్లు ఉన్న డేటాతో అధ్యాయాలు రాసేస్తుంటే నేను ఇంకా ఫారాలు దిద్దుతున్నాను.

అనుమతి వచ్చాక పని బాగా సాగింది. ఉదయం పది, పదకొండు మధ్య మాట్లాడితే మంచిది. మధ్యాహ్నానికి అలసిపోతారు. ఫ్యాను చప్పుడు, టీవీ ఉంటే వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు మాట అందదు. ఎదురుగా, వెలుతురు నా ముఖం మీద పడేలా కూర్చునేదాన్ని. అన్నిటికంటే కష్టం, పక్కన కూర్చున్న కొడుకో కోడలో జవాబు చెప్పేయడం. "మీ మాట కూడా నాకు కావాలి, మీతో విడిగా మాట్లాడతాను" అంటే నొచ్చుకోకుండా లేచేవారు. గంట రికార్డింగ్‌ను కాగితం మీద పెట్టడానికి సగం రోజు పైనే పోతుంది. దాన్ని లెక్కలో వేసుకోకుండా గడువు పెట్టుకోకండి.

మార్చిలో, రెండోసారి మాట్లాడాల్సిన ఒక పెద్దావిడ చనిపోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేశారు. ఆ రికార్డింగ్ నా దగ్గరే ఉంది. వారం రోజులు దాన్ని తెరవలేకపోయాను. కమిటీ ముందే అడిగింది కాబట్టి ఏం చేయాలో రాసి ఉంది. చనిపోయినా వాడుకోవచ్చని ఆవిడే సంతకం చేశారు. వాళ్లమ్మాయి ఒకటే అడిగారు, "అమ్మ చెప్పింది మీ పుస్తకంలో ఉంటుందా?" ఉంటుందని చెప్పాను, పేరు ఉండదని కూడా చెప్పాను. విసుక్కున్న ఆ ఫారాల మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

ఖర్చు గురించి. ఫీజు ఎంతో ముందే తెలుస్తుంది కాబట్టి దానికి సిద్ధపడతాం. నన్ను ఇబ్బంది పెట్టింది జీతం సగానికి పడిపోవడం. వార్డులో పార్ట్‌టైమ్‌గా చేశాను, ప్లేస్‌మెంట్ నెలల్లో అదీ కుదరలేదు, ప్లేస్‌మెంట్‌కు డబ్బులు ఇవ్వరు. టెస్టులు, ధ్రువపత్రాలు, ఇంటింటికీ తిరగడానికి ప్రయాణం, మంచి రికార్డర్ సొంతంగానే. ఎవరూ గుర్తుచేయనిది ఇంకొకటి: ఫిజియోథెరపీ రిజిస్ట్రేషన్‌ను బతికించుకోవాలంటే ఆ రెండేళ్లూ దాని ఫీజు, శిక్షణ గంటలు కొనసాగించాలి. నర్సులకూ ఫార్మసిస్టులకూ అంతే. పీజీ ఉందని అది మానేస్తే, క్లినిక్ ఉద్యోగాల తలుపు మూసుకుపోతుంది.

ఉద్యోగాల వేట ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాను. వృద్ధాప్య నిపుణులు కావాలి అనే ప్రకటన నాకు దాదాపు కనపడలేదు. డిగ్రీ పేరుతో వెతికితే నిరాశే. కేర్ కోఆర్డినేటర్, పడిపోవడం నివారణ కార్యక్రమం, మతిమరుపు క్లినిక్ సమన్వయకర్త, రీసెర్చ్ అసిస్టెంట్, ప్రోగ్రామ్ ఆఫీసర్, పునరావాసం, ఇంటి దగ్గర సంరక్షణ, వయోమిత్ర (పెద్దవాళ్లకు అనువైన) నగరాల ప్రాజెక్టు... ఇలా వెతకాలి. మా ఆర్కిటెక్టు మిత్రుడు ఆ చివరిదాంట్లోనే చేరాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో దానికి మార్గదర్శిని ఇచ్చింది, 2010లో నగరాల నెట్‌వర్క్ పెట్టింది. 2021 నుంచి 2030 దాకా ఆరోగ్యకర వృద్ధాప్య దశాబ్దం అని ఐక్యరాజ్యసమితి ప్రకటించాక ప్రాజెక్టులైతే చాలానే కనిపిస్తున్నాయి, కానీ చాలావాటికి ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టే. అది తెలిసి చేరాలి.

దరఖాస్తులకు చాలావరకు జవాబే రాదు. ఎంపిక చేయలేదన్న మెయిల్ వస్తే అదే గొప్ప. ఏప్రిల్, మే నెలల్లో మనసు బాగా కుంగింది. ఉన్న ఉద్యోగం వదులుకుని ఏం చేశానా అని రాత్రిళ్లు ఆలోచించేదాన్ని. కోర్సులో చదివినవి వరసగా రాయడం ఆపి, బయోడేటాను మార్చాను. ప్లేస్‌మెంట్‌లో నేను చేసిన అంచనాలు, పేర్లు తీసేసి, ఒక్కో మనిషికి ఒక్క పేజీ: ఏం చేసుకోగలరు, ఏది ఆపుతోంది, వాళ్లకు ఏం కావాలి, ఎవరు ఏం చేయాలి. సూపర్‌వైజర్ అనుమతితో అలాంటివి కొన్ని జత చేశాను. పిలుపులు వచ్చింది వాటి వల్లేనని తర్వాత తెలిసింది.

జూన్‌లో ఇప్పుడున్న ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ముందు ఒక కాగితం ఇచ్చి అరగంట కూర్చోబెట్టారు. ఒంటరిగా ఉంటున్న ఎనభై నాలుగేళ్ల మనిషి, రెండుసార్లు పడ్డారు, కూతురు దూరంగా ఉంటుంది, ఆయన సంరక్షణ కేంద్రానికి వెళ్లనంటున్నారు. ఏం చేస్తారు? సంచిలో మందులతో మొదలుపెట్టి, ఆయన ఎందుకు వెళ్లనంటున్నారో అడగడం దాకా రాశాను. ఆయనకు విషయం అర్థం చేసుకునే శక్తి ఉంటే, ప్రమాదం ఉందని తెలిసీ ఇంట్లోనే ఉంటాననే హక్కు ఆయనదే అని కూడా రాశాను. దాని మీదే చాలాసేపు ప్రశ్నలు అడిగారు. "కూతురు మీ మీద కోప్పడితే?" అన్నారు. కూతురి భయం కూడా నిజమే కాబట్టి ఆవిడతో విడిగా కూర్చుంటాను, ఆవిడకు ఎంత భారం పడుతోందో అడుగుతాను అని చెప్పాను. ఆ తర్వాత వాళ్ల సర్వే అంకెలు చూపించి అభిప్రాయం అడిగారు. ఏడాది తర్వాత సర్వేకు రానివాళ్లు ఏమయ్యారని అడిగాను. గదిలో ఒకరినొకరు చూసుకున్నారు, ఒకాయన ఏదో రాసుకున్నారు.

ఫలితం మూడు వారాలకు చెప్పారు. రిఫరెన్సులు, మళ్లీ అవే ధ్రువపత్రాలు కలిపి చేరేసరికి ఆగస్టు చివరైంది. పడిపోవడం నివారణ, ఇంటి దగ్గర సంరక్షణ రెండూ చూసే కోఆర్డినేటర్ పోస్టు. జీతం పాత వార్డు జీతం కంటే కొంచెమే ఎక్కువ. డబ్బు కోసమే చదవాలనుకునేవాళ్లకు ఈ మాట ముందే తెలియాలి.

మొదటి నెలలో నాకు ఇచ్చిన పని కొత్తగా వచ్చేవాళ్లను చూసే ఫారం తిరగరాయడం. పాతదాంట్లో జబ్బులు మొదటి పేజీలో, మనిషి ఏం కోరుకుంటున్నారన్నది చివరి పేజీలో ఐచ్ఛికంగా ఉండేది. చాలా ఫారాల్లో ఆ గడి ఖాళీ. 2017లో అమెరికాలో మొదలైన వయోమిత్ర ఆసుపత్రుల పద్ధతిలో చూసేవి నాలుగు: ఆ మనిషికి ఏది ముఖ్యం, మందులు, మనసు, కదలిక. నేను ఆ వరసనే పెట్టాను. ఫారం పొడవు పెరిగిందని నర్సులు అన్నారు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. అందుకని జబ్బుల పట్టికను కుదించి, ఆసుపత్రి కాగితం జత చేస్తే సరిపోయేలా మార్చాం. ఇప్పుడు రెండు టీములు దాన్ని వాడుతున్నాయి. మూడు నెలలయ్యాక ఆ మొదటి గడి ఎన్ని ఫారాల్లో నిండిందో లెక్క చూసి, మిగతా టీములకు ఇవ్వాలా వద్దా అన్నది తేలుస్తారు.